ఎర్రదారం పొట్లం

చీనావాడు ఎక్కడో మంచుకొండల్లో తుపాకులు పేల్చినందుకు, కోట అనే ఊళ్లో బీడీలు చుట్టుకునే సుల్తాన్‌బీ వేళ్లకు ఎసరొచ్చింది. ఆ కొండలెక్కడ, ఈ ఉప్పుగాలి ఊరెక్కడ! అయినా వచ్చింది.

కోట మిషను ఆసుపత్రిలో జీవానందం డాక్టరుగారు ఆ ఏడు ఎండాకాలం నుంచీ కీళ్లవాతానికి ఒక మందు పరీక్ష చేస్తున్నారు. చీనా దేశపు వేరు అది. ముడులు ముడులుగా ఉంటుంది, కోస్తే లోపల లేత గులాబీ రంగు. మద్రాసు నుంచి గోతాల్లో వచ్చేది. దాన్ని దంచి, గుడ్డలో జల్లించి, పొట్లాలు కట్టి ప్రతి బుధవారం వాతం మనుషులకు ఇచ్చేవాళ్లు. సగం మందికి ఎర్రదారం కట్టిన పొట్లం, సగం మందికి తెల్లదారం కట్టిన పొట్లం. ఎందుకలా అని అడిగినవాళ్లు లేరు. అడిగినా చెప్పేవాళ్లు కారు. రోజూ చెంచాడు పొడి వేడిపాలల్లో కలుపుకొని తాగండి, చింతపండు తగ్గించండి, వచ్చే బుధవారం వచ్చి చేతులు చూపించండి. చెప్పింది అంతే.

వరండాలో సమాధానం అనే కాంపౌండరు స్వయంగా రంగుతో రాసిన పలక ఒకటి వేలాడుతుండేది. 'చీనా చెక్క మందు – కీళ్లవాతం వారికి మాత్రమే.' ఎండాకాలంలో ఆ పలకను చూసి ఎవరూ ముక్కు చిట్లించలేదు. కార్తీకమాసం వచ్చి, రేడియోలో పొద్దూమాపూ యుద్ధం వార్తలు మొదలయ్యాక, అందులో మొదటి మాట ఊరివాళ్ల కంట్లో నలుసైపోయింది.

ఆ బుధవారం ముసురు పట్టింది. వరండాలో ఆడవాళ్లు గోడవారన ముడుచుకొని కూర్చున్నారు. సుల్తాన్‌బీ చేతులు బురఖాలో దాచుకొని కూర్చుంది. పక్కనే ఎలిశబెతు తన చేతులు రెండూ ఒళ్లో, ఎవరో ఇచ్చి పొమ్మన్న సామాను లాగా పెట్టుకొని కూర్చుంది. నాట్ల పనికి పోయే మనిషి. వేళ్ల కణుపులు ఉబ్బి, చూపుడువేలు పక్కకు తిరిగిపోయింది.

"డాక్టరుగారు దీన్ని శోధన అంటారు మే," అంది ఎలిశబెతు. "ఆదివారం చర్చిలో శోధన వద్దు దేవుడా అని కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తా. బుధవారం నా కాళ్ల మీద నేనే నడిచొచ్చి దాంట్లో కూచుంటా. దేవుడికి గూడా నన్ను చూస్తే నవ్వొస్తా వుంటది."

సుల్తాన్‌బీ నవ్వింది. ఇంతలో గేటు దగ్గర గొడుగులు కనిపించాయి. పచారీ అంగడి పద్మనాభయ్య, ఆయన వెనక యుద్ధనిధికి చందాలు పోగుచేసే నలుగురు. పద్మనాభయ్య మెట్టెక్కి, గొడుగు దులిపి, పలకను గొడుగు కొసతో కొట్టాడు.

"ఏమయ్యా సమాధానం, ఏందిది? అక్కడ మన బిడ్డలు మంచులో గడ్డకట్టి చస్తా వుంటే, ఇక్కడ మా ఊరి ఆడోళ్ల చేత చీనావాడి మందు మింగిస్తా వుండారా?"

సమాధానం పేరుకే సమాధానం. నోట్లోంచి మాట రాలేదు. డాక్టరుగారే బయటికొచ్చారు. గుంటూరు వైపు మనిషి, మెత్తని గొంతు.

"వేరుకేం తెలుసండీ యుద్ధం సంగతి? అయినా ఇది మీ అంగట్లో కూడా దొరుకుతుందనుకుంటాను."

"నా అంగట్లోనా! చీనా సరుకా!"

డాక్టరుగారు లోపలినుంచి ఒక ముక్క తెప్పించి ఆయన చేతిలో పెట్టారు. పద్మనాభయ్య దాన్ని వాసన చూశాడు, గోటితో గీరాడు. ఆయన మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"ఓర్నీ! ఇది పరంగి చెక్క గదయ్యా! మా నాయన నాటినుంచీ అమ్ముతా వుండాం. దీనికి చీనా పేరు ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని? పరంగి చెక్క అని రాసుకోండి, నాకేం పేచీ లేదు."

"అంతేనా?" అని నవ్వారు డాక్టరుగారు. ఒక మాట మారిస్తే యుద్ధం ఆగిపోయింది కదా అని ఆయన సంబరం. ఆయన వేరే ఊరి మనిషి, ఆయనకేం! కోటలో పుట్టి కోటలో పెరిగిన సమాధానానికైనా ఉండొద్దూ బుద్ధి! కిరసనాయిలు గుడ్డతో 'చీనా' తుడిచేసి, అక్కడ 'పరంగి' అని గుండ్రంగా రాశాడు. కట్టి ఉంచిన పొట్లాల మీద కూడా పెన్సిలుతో ఒక్కోదానిమీదా అదే మాట రాసి మరీ ఇచ్చాడు.

గేటు దాటి, గోడమలుపు తిరగగానే ఎలిశబెతు చెయ్యి చాపింది.

"ఇటియ్యి మే."

సుల్తాన్‌బీ తన తెల్లదారం పొట్లం ఆమెకిచ్చి, ఆమె ఎర్రదారం పొట్లం తను తీసుకుంది. మొదటి బుధవారం నుంచీ ఇదే వరస. బీడీల ఏజెంటు దగ్గర బిగువుగా, సమంగా ఉన్న బీడీలు ఎర్రదారం కట్టలు. వదులుగా ఉన్నవి, తల సరిగ్గా ముడవనివి సెకండు రకం. వాటికి తెల్లదారం. వేళ్లు చెడినప్పటినుంచీ సుల్తాన్‌బీ కట్టలన్నీ తెల్లదారంలోకే పోయేవి. మొదటిరోజు ఆసుపత్రిలో తన చేతికి తెల్లదారం పొట్లం వచ్చేసరికి ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. "ఈడ గూడా నా మొహాన సెకండేనా అక్కా?" అంటే ఎలిశబెతు ఫక్కున నవ్వింది. "మందులో ఫస్టేంది, సెకండేంది, పిచ్చిదానా! ఇందా, నాది తీసుకో. నాకు ఏదైనా ఒకటే."

ఈ సంగతి డాక్టరుగారికి చెప్పాలని ఇద్దరికీ తోచలేదు. చెప్పాల్సినంత పెద్ద సంగతని ఎవరనుకుంటారు?

*

మర్నాడు పొద్దున సుల్తాన్‌బీ తడి గోనెలోంచి తునికాకు తీసి, కొలతకు రేకుముక్క పెట్టి కత్తెరతో కోస్తోంది. ఎండాకాలంలో ఈ కత్తెర ఆమె చేతిలో నిలిచేది కాదు. నిద్ర లేచేసరికి వేళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయి, వేణ్ణీళ్లల్లో పెట్టి పెట్టి విప్పుకుంటే గాని కదిలేవి కావు. ఇప్పుడు కత్తెర నడుస్తోంది. ఆకులో పొగాకు పరిచి, బొటనవేలితో నొక్కి చుట్టి, తలను గోటితో లోపలికి ముడిచి, తోక దగ్గర దారం వేస్తోంది. ముడిచేటప్పుడు గోరు దగ్గర చిన్న పోటు. అంతే. మొన్న ఏజెంటు ఆమె చేటలోంచి నాలుగు కట్టలు తీసి, రెండువైపులా తిప్పి చూసి, ఏమీ అనకుండా ఎర్రదారంలో వేశాడు. ఆరోజంతా ఆమెకు ఆకలే కాలేదు సంతోషంతో.

నీళ్లకు కొళాయి దగ్గరికి పోయింది. అక్కడ చెంచులక్ష్మి బిందె తోముతూ తల ఎత్తింది. నోటి దురుసు మనిషి, కడుపులో ఏం ఉండదు గాని ఊరంతా తిరిగి వస్తుంది ఆమె మాట.

"ఏమే సుల్తాన్‌బీ, నీది వాతం గాదంటనే?"

"వాతమే. ఎవురన్నారు గాదని?"

"ఆసుపత్రిలో బోర్డు పెట్టినారంట గదా. పరంగి చెక్క అని. పరంగికి గాక దేనికిస్తారమ్మా పరంగి చెక్క?"

నీళ్లు పట్టుకునేవాళ్లంతా కిసుక్కుమన్నారు. సుల్తాన్‌బీకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు కాలిపోయాయి. పరంగి పుండ్లంటే ఆ పక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు. చెడుతిరుగుళ్లు తిరిగే మగవాడు తెచ్చి ఇంట్లో ఆడమనిషికి అంటించే రోగం. ఆ రోగానికి వాడే చెక్క గనకనే దానికి ఆ పేరు. వాతానికి కూడా వాడతారని ఎవరికి కావాలి!

"నా వేళ్లకు నొప్పులమ్మా, చూడండి," అని చేతులు చాపింది. చాపాక, ఎందుకు చాపానా అని తననే తిట్టుకుంది. వాళ్లు ఆమె వేళ్లు చూడలేదు. మొహంలోకి చూశారు, చీర అంచులోకి చూశారు, పుండ్లేమైనా కనిపిస్తాయేమోనని. బిందె సగం నిండకుండానే ఎత్తుకొని వచ్చేసింది.

ఆ మాపు మొగుడు ఖాదర్ బాషా రోజుటికంటే ముందే వచ్చాడు. సైకిలు వెనక జవుళి మూట కట్టుకొని చిట్టమూరు వైపు పల్లెలు తిరిగే మనిషి. మూట విప్పినట్టు లేదు, ఉదయం కట్టిన కట్టు కట్టినట్టే ఉంది.

"ఆ పొట్లం యాడుంది?"

"ఏ పొట్లం?"

"నాటకాలాడమాక. టీ అంగడి కాడ నన్ను బెంచీ మీద కూచోనీకుండా జరిగినారే! 'ఏం బాషా, ఊరూరా తిరిగి బాగానే సంపాయించినావంటనే' అని ఒకడు. నేను ఆడోళ్ల ముందర మూట విప్పి చీరె చూపించి అమ్ముకునేవాణ్ణి. నాకు పరంగి అంటే ఏ తల్లి అరుగెక్కనిస్తాది నన్ను? చెప్పు!"

ఆయన గూట్లో వెతికి, ఎర్రదారం పొట్లం తీసి, మీద పెన్సిలు రాత చూశాడు. చదువురాదు ఆయనకు. అయినా ఆ రాతకేసి పళ్లు నూరి, వీధిలో పారే వాననీళ్లల్లోకి విసిరేశాడు. పొట్లం కాసేపు తేలి, విచ్చుకొని, పొడి ఎర్రగా పారిపోయింది.

"ఇంకొకసారి ఆ గడప తొక్కినావంటే ఒట్టే," అన్నాడు.

తర్వాత తనే పొయ్యి దగ్గర కూర్చుని పుల్లలు ఎగదోశాడు. ఆమె చేత ఊదుగొట్టం పట్టించడం ఇష్టం లేక ఎండాకాలంలో ఆయన చేసిన పనే అది. మంచివాడే, కాదనను. కానీ విసిరేసింది విసిరేసిందే.

*

రెండు పొద్దులు ఏమీ తెలియలేదు. మూడో పొద్దు లేచేసరికి కుడిచేతి వేళ్లు దగ్గరికి వచ్చి బిగుసుకొని ఉన్నాయి. వేణ్ణీళ్లు పెట్టింది. ఆముదం రాసింది. కత్తెరలో బొటనవేలు దూర్చబోతే కణుపు పట్టదు. పిన్నమ్మ కూతురు ఒకామె వచ్చి ఆకులు కోసిపెట్టింది గాని, చుట్టడం ఎవరు చుట్టిపెడతారు? తల ముడిచేసరికి గోరు జారిపోయి ఆకు చీలింది. ఇంకోటి చీలింది. అటూ ఇటూ చూసి, చీలిన ఆకును నోట్లో పెట్టుకొని నమిలి ఊసింది, కోపంతో.

ఏజెంటు చేట చూసి, "ఏమ్మా, మళ్లీ మొదటికొచ్చినావే," అని కట్టలన్నీ తెల్లదారం వైపు తోసేశాడు. ఇట్లాగే ఉంటే వచ్చేవారం నుంచి ఆకు ఇయ్యనని కూడా అన్నాడు. ఆయన కంపెనీ బాధ ఆయనది.

ఇంట్లో కూర్చోలేకపోయింది. బురఖా వేసుకొని ఆసుపత్రి రోడ్డు మలుపు దాకా పోయింది. అక్కడినుంచి పలక కనిపిస్తోంది, 'పరంగి' అనే మాట వానకు తడిసి నిగనిగలాడుతూ. ఇద్దరు మనుషులు ఎదురొస్తుంటే, కూరగాయలకు వచ్చినదానిలాగా వెనక్కి తిరిగింది. సాయంత్రం మళ్లీ పోయింది. మళ్లీ తిరిగొచ్చింది. చిన్నప్పుడు దొంగతనం చేసినప్పుడు కూడా ఆమె గుండె అంతగా కొట్టుకోలేదు. దొంగతనమైతే ఒప్పుకుంటే పోతుంది. చెయ్యని పనికి ఎట్లా ఒప్పుకుంటారు?

మిగతా ఆడవాళ్లూ మానేశారని తెలిసింది. తెలుగిళ్ల వాళ్లు మానేశారు, సాయిబుల ఇళ్ల వాళ్లు మానేశారు. మంగళవారం మధ్యాహ్నం వీధి చివర ఎలిశబెతు కనిపించింది. మోకాళ్ల దాకా బురద, చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని, పొద్దుండగానే ఇంటికి వస్తోంది.

"ఏందక్కా, అప్పుడే?"

"గట్టున కూచోబెట్టినారు మే. నారుకట్ట చేతిలో నిలవడంలేదు. నాలుగు పోచలు తుంచి నాటేలోపల పక్కమనిషి తన వాటా మునం నాటేసి ముందుకు పోతాది. నావల్ల వాళ్ల వరస చెడతాందంట. మేస్త్రమ్మ ఇంటికి పొమ్మనింది." ఎలిశబెతు తన చేతులు ఎత్తి, ఎవరివో చూసినట్టు చూసుకుంది. "నీకు తగ్గింది, నాకు తగ్గలేదు. ఒకే పొడి గదా! నా ఒంటికే పడినట్టు లేదు."

"నువ్వు రేపు పోతావా అక్కా?"

"పోకేం? నాకు మొగుడా, మొద్దులా? ఎవురేమనుకుంటే నాకేంది? పరంగని అంటే, అవును, మీ ఇంటాయన దగ్గరే తెచ్చుకున్న్యా అంటా."

అని నవ్వబోయింది. చేతి నొప్పికి నవ్వు సగంలో ఆగిపోయింది.

*

బుధవారం పొద్దున ఎలిశబెతు ఆసుపత్రినుంచి నేరుగా సుల్తాన్‌బీ ఇంటికే వచ్చింది.

"మందు ఆపేస్తా వుండాడు మే డాక్టరు. చెక్క ఎందుకూ పనికిరాదని తేలిపోయిందంట. మద్రాసుకు రాసి పంపిస్తాడంట. నిన్నొకసారి రమ్మన్నాడు, కడసారి చేతులు చూడాలంట."

ఖాదర్ బాషా అప్పటికే మూట కట్టుకొని వెళ్లిపోయాడు. సుల్తాన్‌బీ గడపలో నిలబడి వీధికి అటూ ఇటూ చూసింది. పనికిరాకపోవడమేంది? తన వేళ్లకు కదా తెలుసు! బురఖా వేసుకోవడం కూడా మర్చిపోయి, కొంగు తలమీదికి లాక్కొని బయల్దేరింది.

వరండా ఖాళీ. డాక్టరుగారు ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకొని ఒక్కో కణుపూ నొక్కి చూశారు. ఎలిశబెతు గుమ్మానికి ఆనుకొని నిలబడింది.

"పోయినవారం కంటే వాచినాయే?"

"మందు తాగలేదయ్యా. పారేసినాం."

ఆయన చిన్నగా నవ్వారు. అది ఎగతాళి కాదు, అలిసిపోయిన నవ్వు. "ఇక చెప్పెయ్యొచ్చులే. సుల్తాన్‌బీ, నీకు మేం మందు ఇవ్వనేలేదమ్మా."

"ఇచ్చినారు గదయ్యా, వారం వారం..."

"నీది తెల్లదారం. దాంట్లో ఉన్నది వేయించిన బియ్యప్పిండి. రంగు కోసం చిటికెడు తాంబూలపు కాచు. అసలు చెక్కపొడి ఎర్రదారం వాళ్లకు. పిండి తాగిన నీ చేతులు బాగుపడ్డాయి. అసలు మందు తాగిన ఎలిశబెతు చేతులు ఇంకా పాడయ్యాయి. ఇంకొందరివీ ఇట్లాగే తేలినాయి. ఇంకేముంది, మందులో బలం లేదని అర్థం."

సుల్తాన్‌బీ చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"పిండి ఎందుకిచ్చినారయ్యా?"

"మందే పనిచేస్తుందో, మందు తాగుతున్నామనే ధైర్యం పనిచేస్తుందో తెలియాలి కదమ్మా. అన్నిచోట్లా ఇట్లాగే చేస్తారు. చెప్తే పరీక్ష చెడిపోతుంది."

చెప్పకపోతే చెడలేదా? ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దానికంటే పెద్ద మాట ఒకటి చెప్పాల్సి ఉంది. నోరు మూసుకొని లేచిపోతే ఎవరికీ తెలియదు. ఆయన రాసుకునేది రాసుకుంటాడు. మొగుడి పరువు మొగుడికి దక్కుతుంది. ఎలిశబెతు తన ఒంటికి మందు పడలేదనుకుంటూనే ఉంటుంది, రేపూ ఎల్లుండీ తనను అట్లాగే నవ్విస్తుంది. గుమ్మం వైపు చూసింది. ఎలిశబెతు రెండు చేతులూ చంకల్లో పెట్టుకొని, వెచ్చదనం కోసం ఒత్తుకుంటోంది.

"అయ్యా, ఎర్రదారం తాగింది నేను," అంది సుల్తాన్‌బీ.

"ఏమిటి?"

"అక్క నాకిచ్చింది. నా తెల్లదారం అక్క తీసుకునింది. మొదట్నించీ అట్నే. తెల్లదారమంటే సెకండు సరుకనుకున్న్యానయ్యా నేను. ఏడిచినాను. అందుకని ఇచ్చింది."

డాక్టరుగారు ఆమె చెయ్యి వదిలేశారు. ఆయన మొహం ఎర్రబడింది. "ఎంత పని చేశారు! ఆర్నెల్ల పరీక్ష! మీకేం తెలుస్తుంది..." అని గట్టిగా మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయారు. ఎలిశబెతు చేతులు చంకల్లోంచి బయటికి తీసింది. ఆయన వాటినే చూస్తున్నారు.

"ఐతే ఇన్నాళ్లూ నేను తాగింది బియ్యప్పిండా?" అంది ఎలిశబెతు.

డాక్టరుగారు తల ఊపారు.

"దానికోసం పాలు గూడా కొనుక్కున్న్యానే. పులుసు మానేసినా. ఉత్త పిండికి!" గొంతు పెద్దదేమీ చెయ్యలేదు. సుల్తాన్‌బీ వైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. ఇంతకాలంలో సుల్తాన్‌బీ ఆ మొహాన్ని నవ్వు లేకుండా చూడటం అదే మొదలు. "నా చేతులు మే," అంది. అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

"అక్కా!" అని లేచింది సుల్తాన్‌బీ. ఎలిశబెతు తిరగలేదు.

డాక్టరుగారు నుదురు పట్టుకొని కూర్చున్నారు. "ఇంకెంతమంది ఇట్లా మార్చుకున్నారో! ఎవర్నడగను? వీళ్లనడిగి ఇవ్వాల్సింది. ముందే అన్నీ చెప్పి ఇవ్వాల్సింది." ఆయన ఎవరితో అంటున్నారో తెలియలేదు.

"మందు మంచిదేనా అయ్యా?"

"తెలియదమ్మా. నీ ఒక్కదాని చేతులు చూసి చెప్పలేను. చెడుపు మాత్రం చెయ్యలేదు నీకు, అంతే చెప్పగలను."

"ఐతే అక్కకియ్యండి."

"చెక్క అయిపోయింది. చీనా సరుకు ఇక కొనబోమని మద్రాసు వర్తకుడు రాశాడు."

"పద్మనాభయ్య అంగట్లో ఉండేది అదేనా?"

"అదే." ఆయన తల ఎత్తారు. "చెంచా కొలత నీకు తెలుసు. అంతకు మించొద్దు. తాగినన్నాళ్లూ ఇద్దరూ బుధవారం వచ్చి నాకు చూపించాలి. ఎవరేది తాగుతున్నారో నిజం చెప్పాలి."

*

పద్మనాభయ్య అంగడి ముందు ఊరంతా ఉన్నట్టుంది. లోపల రేడియో గట్టిగా పెట్టారు. చీనావాడు తనంతట తనే కాల్పులు ఆపేశాడట. ఎందుకాపాడో ఎవరికీ అర్థం కాక, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుకుంటున్నారు. చందా డబ్బా గల్లాపెట్టె పక్కన ఉంది. పద్మనాభయ్య చింతపండు తూస్తున్నాడు. చెంచులక్ష్మి ఉప్పు కోసం నిలబడి ఉంది.

సుల్తాన్‌బీ మెట్టు కింద ఆగింది. కూరగాయలకు వచ్చినట్టు తిరిగిపోవచ్చు. ఆమెకు అది అలవాటే.

"పరంగి చెక్క కావాల," అంది.

రేడియో మోతలో వినపడలేదు. గొంతు పెంచింది.

"పద్మనాభయ్యగారూ! పరంగి చెక్క ఇయ్యండి."

అందరూ తిరిగారు. రేడియోలో ఆమె ఎవరో ఢిల్లీ నుంచి మాట్లాడుతూనే ఉంది, వినేవాళ్లు మాత్రం లేరు. పద్మనాభయ్య తక్కెడ కిందికి దించి, గల్లాపెట్టె మీదికి వంగాడు.

"మెల్లిగా చెప్పమ్మా. ఇంట్లోనించి ఎవురినన్నా పంపిస్తే కాగితంలో చుట్టి ఇయ్యనా నేను?"

"మెల్లిగా ఎందుకయ్యా? మీరే గదా రాయమన్నారు ఆ పేరు, ఆసుపత్రికొచ్చి, ఇంతమందిని వెంటేసుకొని?"

ఆయన మొహం గంటుపెట్టుకున్నాడు. లోపలికి పోయి డబ్బా వెతుకుతున్నట్టు చాలాసేపు ఉండిపోయాడు. చెంచులక్ష్మి నోరు ఊరుకుంటుందా?

"ఎవురికే అది?"

"నాకూ, ఎలిశబెతక్కకూ." సుల్తాన్‌బీ రెండు చేతులూ ఎత్తి, అందరికీ కనిపించేటట్టు అటూ ఇటూ తిప్పింది. ఈసారి వాళ్లు వేళ్లే చూశారు. "వేళ్లకు. చూడండి బాగా. ఇంకా ఏం చూడాలో చెప్పండి, అదీ చూపిస్తా."

చెంచులక్ష్మి ఉప్పు మూట చంకన పెట్టుకొని, "నేనేమన్న్యానమ్మా ఇప్పుడు," అని గొణిగింది.

*

ఎలిశబెతు తన గుడిసెలో గోడవైపు తిరిగి కూర్చుంది. సుల్తాన్‌బీ లోపలికి పోలేదు. వాకిట్లో, వీధికి ఎదురుగా ఉన్న రోట్లో చెక్కముక్కలు వేసి రోకలి ఎత్తింది. చెక్క గట్టిది. వేళ్లు రోకలి చుట్టూ మూసుకోవు. దెబ్బ వేస్తే ముక్క ఎగిరి అవతల పడుతోంది. తెచ్చి వేస్తుంది, మళ్లీ దంచుతుంది, మళ్లీ ఎగురుతుంది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసి పోతున్నారు. ఏందది అని ఒకామె అడిగితే పేరు చెప్పింది.

ఖాదర్ బాషా సైకిలు అటుగానే వచ్చింది. ఆయన బ్రేకు పట్టి, కాలు నేలకానించి, రోటి వైపు చూశాడు. ఆమె దంచడం ఆపలేదు. ఒట్టు పెట్టిన మనిషి కదా, అరుస్తాడనుకుంది. మూట సర్దుకొని ఇంటివైపు తొక్కుకుంటూ పోయాడు.

ఇంకో ముక్క ఎగిరి గుడిసె లోపల పడింది. కాసేపటికి అది ఎలిశబెతు చేతిలో బయటికొచ్చింది.

"అట్టా దంచితే ఏడాదికి గూడా నలగదు. జరుగు."

"అక్కా, నన్ను..."

"మాట్లాడమాక. నీ మీద నాకు కోపం పోలేదు. పోదు గూడా. నాకు తెలిసి ఇచ్చింటే అది వేరే. తెలీకుండా ఇచ్చినా. అందుకే కోపం."

"పోవద్దులే," అంది సుల్తాన్‌బీ. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఎలిశబెతు రోకలిని పైన పట్టుకుంది. ఆమె వేళ్ల కింద సుల్తాన్‌బీ పట్టుకుంది. ఒకరి చేతికి పట్టు లేదు, ఇద్దరివీ కలిస్తే కొంచెం ఉంది. ఎత్తేటప్పుడు ఇద్దరూ మూలిగారు. చెక్క పగిలి, లోపలి గులాబీ రంగు బయటపడింది. నలిగింది. చీర కొంగులో జల్లించారు.

సుల్తాన్‌బీ పొడిని రెండు కాగితాల్లో సమంగా పోసింది. రొండిన దోపుకున్న బీడీల దారం ఉండ తీసింది. ఎర్రది. రెండు పొట్లాలకూ చుట్టి, వేళ్లతో ముడి బిగించలేక పళ్లతో లాగి బిగించింది. రెండూ ఎలిశబెతు ముందు పెట్టింది.

ఎలిశబెతు వాటిని మార్చి మార్చి చూసింది.

"ఏది మే నాది?"

"ఏదైనా ఒకటే అక్కా," అంది సుల్తాన్‌బీ.